మనకు అరగనిదే వాటికి అన్నం: పేగుల్లోని బ్యాక్టీరియా గురించి ఏది నిజం, ఏది అతి

పొద్దున చద్దన్నం తిని వచ్చానని ఆఫీసులో చెప్పుకోవడానికి ఒకప్పుడు మొహమాటపడేవాళ్లు. ఇప్పుడు అదే చద్దన్నం మట్టి పాత్రలో, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టుకుని రీల్స్‌లో వెలిగిపోతోంది. కింద క్యాప్షన్ మాత్రం అమ్మమ్మల భాషలో ఉండదు. ‘గట్ హెల్త్’, ‘ప్రోబయాటిక్’, ‘మైక్రోబయోమ్’ అని ఉంటుంది. యాంటీబయాటిక్ రాసిన చీటీలోనే చాలాసార్లు ఒక ప్రోబయాటిక్ క్యాప్సూల్ కూడా ఉంటోంది. మలం శాంపిల్ పంపితే మీ పొట్టలో ‘మంచి’ బ్యాక్టీరియా ఎంత, ‘చెడ్డది’ ఎంత అని రంగురంగుల రిపోర్టు ఇచ్చే కంపెనీలూ వచ్చాయి.

వీటి వెనక గట్టి సైన్సు ఉంది. దాని పక్కనే బోలెడంత అతి కూడా ఉంది. రెండూ ఒకే మాటల్లో చెబుతుండటంతో ఏది ఏదో తెలియక తికమక పడుతున్నాం.

ముందు మాటలు, తర్వాత లెక్కలు

మైక్రోబయోమ్ అంటే ఒకచోట కలిసి బతికే సూక్ష్మజీవుల సమాజం, వాటి జన్యువులతో సహా. ప్రోబయాటిక్ అంటే తగినంత మోతాదులో తీసుకుంటే మేలు చేస్తుందని తేలిన బతికున్న సూక్ష్మజీవి. ప్రీబయాటిక్ అంటే వాటి ఆహారం. పెరుగుతో పోల్చుకుంటే సులువు. తోడు ప్రోబయాటిక్ అనుకుంటే పాలు ప్రీబయాటిక్. పాలు లేని గిన్నెలో ఎంత తోడు వేసినా పెరుగు కాదు. ఈ పోలికను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ అవసరమవుతుంది.

‘మన ఒంట్లో మన కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువ’ అన్న మాట ఎక్కడ చూసినా కనబడుతుంది. అది 1970ల నాటి ఒక ఉజ్జాయింపు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2016లో మళ్లీ లెక్క కట్టారు. 70 కిలోల మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా, 30 లక్షల కోట్ల మానవ కణాలు ఉంటాయని తేలింది. అంటే దాదాపు సమానం. ఆ బ్యాక్టీరియా అంతా కలిపి తూకం వేస్తే 200 గ్రాములు, ఒక చిన్న పెరుగు కప్పంత.

అవి పేగు పొడవునా సమానంగా కూడా ఉండవు. కడుపులో ఆమ్లం ధాటికి చాలావరకు చస్తాయి. చిన్న పేగులో ఆహారం త్వరగా కదిలిపోతుంది కాబట్టి అక్కడ తక్కువ. అసలు జనాభా అంతా పెద్ద పేగులోనే. అక్కడ ఒక్క గ్రాముకు 10 వేల కోట్ల దాకా ఉంటాయి. మిగతా కథంతా ఈ చిరునామా మీదే ఆధారపడి ఉంది. మనం అరిగించుకోగలిగినదంతా చిన్న పేగులోనే రక్తంలోకి వెళ్లిపోతుంది. పెద్ద పేగుకు చేరేది మనకు అరగని మిగులు. ఆ మిగులే వాటి భోజనం.

మనకు లేని కత్తెరలు

పిండిపదార్థాలన్నీ చక్కెర పూసలను గుచ్చిన దండల్లాంటివి. పూసల మధ్య ముడి ఒక్కో రకం దండలో ఒక్కోలా ఉంటుంది. ఆ ముడిని కోసే ఎంజైములు మన సొంతానికి ఉన్నవి చాలా తక్కువ, పదుల్లో లెక్కపెట్టవచ్చు. అదే మన పెద్ద పేగులో ఉండే బ్యాక్టీరాయిడ్స్ థీటాయోటావోమైక్రాన్ అనే ఒక్క బ్యాక్టీరియా దగ్గరే రెండు వందలకు పైగా ఉన్నాయి. గోరుచిక్కుడులోనో, తోటకూర కాడలోనో ఉన్న పీచును మనం కొయ్యలేం, అవి కోస్తాయి.

ఈ కత్తెరలు చేతులు మారతాయి కూడా. జపాన్ వాళ్లు సుషీకి చుట్టే నోరి అనే సముద్రపు నాచులో పార్ఫిరాన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని కోసే జన్యువు సముద్రపు బ్యాక్టీరియాది. అది జపాన్ వాళ్ల పేగు బ్యాక్టీరియాలోకి దూకి స్థిరపడిపోయిందని 2010లో బయటపడింది. పోల్చి చూసిన ఉత్తర అమెరికా వాళ్ల పేగుల్లో అది కనిపించలేదు.

కోసిన తర్వాత బ్యాక్టీరియా ఆ చక్కెరలను పులియబెట్టి చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. ముఖ్యంగా అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్. అసిటేట్ అంటే వెనిగర్‌లో ఉండేదే. బ్యూటిరేట్ పెద్ద పేగు లోపలి పొరకు ప్రధాన ఇంధనం. ఆ కణాలు రక్తంలోంచి వచ్చే గ్లూకోజ్ కంటే దీని మీదే ఎక్కువగా బతుకుతాయి. పీచు బాగా తినేవాళ్లలో రోజువారీ శక్తిలో పదో వంతు దాకా ఈ ఆమ్లాల నుంచే రావచ్చు.

ఇదే పనిలో గ్యాస్ కూడా పుడుతుంది. శనగ గుగ్గిళ్లు తిన్న సాయంత్రం పొట్ట బిర్రుగా ఉంటే, శనగల్లోని రాఫినోజ్ లాంటి చక్కెరలు అరగకుండా కిందకి చేరి పులిశాయన్నమాట. అందులో కొంత హైడ్రోజన్ రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా బయటికొస్తుంది. ఊపిరిలో హైడ్రోజన్ కొలిచి పాలు అరుగుతున్నాయో లేదో డాక్టర్లు చెప్పగలిగేది ఇందువల్లే. పాలు తాగితే ఇబ్బందిపడే చాలామందికి పెరుగు పడటం వెనక కూడా బ్యాక్టీరియా ఉంది. పాలలోని లాక్టోజ్‌లో కొంత భాగాన్ని తోడుకునేటప్పుడే అవి తినేస్తాయి. మన పేగు పనిని గిన్నెలోనే మొదలుపెడతాయన్నమాట.

చద్దన్నంలో ఏముంది, ఏం లేదు

వేడి అన్నంలోని పిండి మెత్తగా విచ్చుకుని ఉంటుంది, చిన్న పేగులో తేలిగ్గా అరుగుతుంది. చల్లారితే ఆ దండల్లో కొన్ని మళ్లీ దగ్గరకు చేరి గట్టిగా పేరుకుంటాయి. వాటిని మన ఎంజైములు కొయ్యలేవు. దీన్ని రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. పేరుకు పిండే కానీ పీచులా నడుచుకుంటుంది, పెద్ద పేగుదాకా చేరుతుంది.

ఎంత? ఇండోనేషియాలో 2015లో కొలిచారు. అప్పుడే వండిన 100 గ్రాముల తెల్ల అన్నంలో ఈ పిండి 0.64 గ్రాములు. పది గంటలు బయట చల్లారితే 1.30. ఒక రోజు ఫ్రిజ్‌లో పెట్టి వేడి చేస్తే 1.65 గ్రాములు.

ఇప్పుడు 300 గ్రాముల అన్నం పెట్టుకున్నారనుకుందాం. వేడిగా ఉన్నప్పుడు రెసిస్టెంట్ స్టార్చ్ సుమారు 1.9 గ్రాములు, ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సుమారు 5 గ్రాములు. తేడా 3 గ్రాములు. మామూలు పిండి గ్రాముకు 4 కేలరీలిస్తే, ఇది పులిసి సుమారు 2 ఇస్తుంది. అంటే ప్లేటు మొత్తానికి తగ్గేది 6 కేలరీలు. ‘చల్లారిన అన్నంలో సగం కేలరీలే’ అన్న మాట ఈ లెక్క ముందు నిలవదు. అయినా, పేగు బ్యాక్టీరియాకు అదనంగా 3 గ్రాముల మేత దొరకడం చిన్న విషయం కాదు.

ఇంకో మెసేజ్ ఇంతకంటే ఎక్కువగా తిరుగుతోంది. రాత్రంతా నానితే అన్నంలో ఐరన్ ఇరవై రెట్లు పెరుగుతుందట. ఐరన్ ఒక మూలకం. బ్యాక్టీరియా విటమిన్లను తయారు చేయగలవు, ఆమ్లాలను తయారు చేయగలవు, ఇనుమును తయారు చేయలేవు. గిన్నెలో ఎంత ఉందో తెల్లారాక కూడా అంతే ఉంటుంది. బయటినుంచి వస్తే నీళ్లలోంచో, ఇనుప పాత్రలోంచో రావాలి. మారగలిగేది మన ఒంటికి పట్టే వాటా. ధాన్యాల్లో ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టి ఉంచుతుంది, పులియడంలో అది కొంత విరిగితే పట్టు సడలుతుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో అసలు ఉన్న ఇనుమే తక్కువ కాబట్టి దీనివల్ల ఒరిగేదీ తక్కువే.

మరో సంగతి. అన్నం నానబెట్టి పులియబెట్టిన తరవాణిలోనూ, మజ్జిగలోనూ బ్యాక్టీరియా బతికే ఉంటాయి. ఇడ్లీ పిండిలోనూ ఉంటాయి, కానీ ఆవిరి పట్టాక ఉండవు. పులిసిన వంటలన్నీ ప్రోబయాటిక్ కావు. ఇక ఆవకాయ, ఉప్పూ నూనెల బలం మీద నిలవుండేది. దాన్ని ఈ జాబితాలోకి లాగకపోవడమే మంచిది, రుచికి ఉన్న గౌరవం దానికి చాలు.

విటమిన్ తయారైతే సరిపోదు, ఎక్కడ తయారైందో చూడాలి

పేగు బ్యాక్టీరియా విటమిన్ కె, ఫోలేట్, బయోటిన్, బి12 తయారు చేస్తాయి. మరి శాకాహారుల్లో బి12 లోపం ఎందుకొస్తోంది? చిరునామా వల్లే. బి12ను పీల్చుకునే చోటు చిన్న పేగు చివర. దాన్ని తయారు చేసే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది దాని కింద, పెద్ద పేగులో. కాలువకు దిగువన చెరువు నిండితే ఎగువ పొలానికి నీళ్లు రావు కదా.

అదే బ్యాక్టీరియా ఎగువన చేరితే? అదీ ముప్పే. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బులో చిన్న పేగులో బ్యాక్టీరియా మితిమీరి పెరుగుతాయి. లోపలి పొర దెబ్బతిని ఫోలేట్, బి12 ఒంటికి పట్టవు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి చిక్కిపోతాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ జబ్బుకు తన సోదరులను పోగొట్టుకున్నారు, తానూ దాని బారిన పడి బయటపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. 1948లో, ఆయన పోయిన ఏడాదే, అక్కడినుంచే తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ వచ్చింది. ట్రాపికల్ స్ప్రూకు డాక్టర్లు ఇప్పటికీ ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. ఒకటి ఒంటికి అందని విటమిన్, రెండోది చోటు తప్పి పెరిగిన బ్యాక్టీరియాకు మందు.

‘మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా’ అనే లెక్క ఎందుకు కుదరదో ఈ జబ్బు ఒక్కటే చెబుతుంది. పెద్ద పేగులో అన్నం పెట్టే చేయి చిన్న పేగులో చేరి నోటికాడ కూడు లాగేసుకోగలదు.

ఆరియోమైసిన్‌కు ఇంకో కొసరు ఉంది. 1950 ప్రాంతంలో లెడర్లీలోనే ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి వేగంగా బరువు పెరిగాయి. సూక్ష్మజీవులే లేని గదుల్లో పెంచిన కోడిపిల్లలకు మందు ఇచ్చినా అలా పెరగలేదు. అంటే మందు పనిచేసింది కోడి మీద కాదు, కోడి పేగులోని బ్యాక్టీరియా మీద. కోళ్ల ఫారాల్లో మేతలో యాంటీబయాటిక్స్ కలిపే అలవాటు ప్రపంచమంతా అలా పాకింది. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా మన దేశం 2019లో నిషేధించింది.

తల్లిపాలలో బిడ్డకు అరగని భాగం

తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం కొన్ని ప్రత్యేకమైన చక్కెర గొలుసులు, వందకు పైగా రకాలు. విచిత్రమేమంటే వాటిని బిడ్డ అరిగించుకోలేదు. తల్లి ఒళ్లు అంత కష్టపడి బిడ్డకు పనికిరానిదాన్ని ఎందుకు చేస్తోంది? తినేది బిఫిడోబ్యాక్టీరియా. అవి పెరిగి పేగును ఆమ్లంగా మారిస్తే జబ్బు చేసే క్రిములకు చోటు తగ్గుతుంది.

సిజేరియన్ల చర్చ ఇక్కడే వస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్‌తో పుట్టిన బిడ్డ పేగుల్లో మొదటి వారాల్లో తల్లి పేగు బ్యాక్టీరియా, ముఖ్యంగా బ్యాక్టీరాయిడ్స్ తక్కువగా, ఆసుపత్రి వాతావరణంలో ఉండేవి ఎక్కువగా కనిపిస్తాయి. బ్రిటన్‌లో 596 మంది శిశువులను గమనించిన అధ్యయనం ఇది చూపించింది. అయితే ఆరు నుంచి తొమ్మిది నెలలకల్లా తేడా చాలావరకు చెరిగిపోయిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఆస్తమా, అలర్జీలు సిజేరియన్ పిల్లల్లో కాస్త ఎక్కువన్న మాట నిజమే కానీ, దానికి కారణం బ్యాక్టీరియానా, లేక సిజేరియన్ చేయాల్సి వచ్చిన పరిస్థితులా అన్నదాని మీద వాదన నడుస్తూనే ఉంది. అవసరమై ఆపరేషన్ చేయించుకున్న తల్లికి ఇది పెట్టుకోవాల్సిన టెన్షన్ కాదు.

మన పక్కనే ఒడిశా పల్లెల్లో జరిగిన ట్రయల్ మాత్రం లోకమంతా మాట్లాడుకున్నది. 4,556 మంది ఆరోగ్యంగా పుట్టిన పసిపిల్లల్లో సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్, దానికి మేతగా ఒక చక్కెర కలిపి ఏడు రోజులు ఇచ్చారు. తోడూ పాలూ కలిపి ఇచ్చినట్టు. మందు లేని పొడి తాగిన గుంపులో 9 శాతం మందికి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే స్థితి) వచ్చింది లేదా చనిపోయారు. మందు తీసుకున్న గుంపులో 5.4 శాతం. వెయ్యి మంది పిల్లలకు లెక్కేస్తే 90 కాస్తా 54 అయింది. ఫలితాలు 2017లో వచ్చాయి. కానీ నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు దీన్నే అన్వయించలేం. అలాంటి ఒక శిశువు ప్రోబయాటిక్‌లోని బ్యాక్టీరియానే రక్తంలో చేరి చనిపోవడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆసుపత్రులను హెచ్చరించింది.

బక్కతనం, ఊబకాయం: ఎలుకలో ఒకటి, మనిషిలో ఒకటి

వాషింగ్టన్ యూనివర్సిటీలో జెఫ్రీ గోర్డన్ బృందం 2006లో లావుపాటి ఎలుకల పేగు బ్యాక్టీరియాను, సూక్ష్మజీవులు లేని ఎలుకల్లోకి ఎక్కించింది. సన్నటి ఎలుకల బ్యాక్టీరియా ఎక్కించినవాటి కంటే ఇవి ఎక్కువ కొవ్వు పట్టాయి. బరువంతా బ్యాక్టీరియా చేతిలోనే ఉందన్న ప్రచారం అక్కడ మొదలైంది. తర్వాత సన్నగా ఉన్నవాళ్ల మలాన్ని శుద్ధి చేసి ఊబకాయుల పేగుల్లోకి పంపిన చిన్న ట్రయల్స్‌లో బరువు తగ్గలేదు. గోర్డన్ బృందమే 2013లో ఇంకో మెలిక చూపింది: సన్న ఎలుకల బ్యాక్టీరియా లావు ఎలుకల్లో కాపురం పెట్టింది, కానీ మేతలో పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్నప్పుడే. మళ్లీ తిండి దగ్గరికే వచ్చి ఆగింది.

బక్కచిక్కిన పిల్లల విషయంలో సాక్ష్యం ఇంతకంటే గట్టిది. ఢాకాలోని మీర్‌పూర్ బస్తీలో గోర్డన్, తహ్మీద్ అహ్మద్ బృందాలు పోషకాహార లోపమున్న పిల్లలకు మూడు నెలలు రెండు రకాల ఆహారం ఇచ్చి చూశాయి. ఒకటి మామూలుగా ఇచ్చే పౌష్టికాహారం. రెండోది పేగు బ్యాక్టీరియాను ఎదిగించేలా శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయతో చేసినది. రెండోదాంట్లో కేలరీలు తక్కువ. అయినా ఆ పిల్లలే మెరుగ్గా బరువు పెరిగారు. 2021లో వచ్చిన ఈ ఫలితం చూసినప్పుడు నాకు మొదట తట్టింది ఒకటే, ఆ నాలుగు సరుకుల్లో అపురూపమైనది ఒక్కటీ లేదు.

క్యాప్సూల్ పనిచేస్తుందా?

ఈ ప్రశ్న ‘మందు పనిచేస్తుందా’ అన్నంత వెడల్పుగా ఉంది. ఏ బ్యాక్టీరియా, ఎవరికి, దేనికి అని అడిగితేనే జవాబులు దొరుకుతాయి.

యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు వచ్చే విరేచనాలను కొన్ని ప్రోబయాటిక్స్ తగ్గిస్తాయని చాలా ట్రయల్స్ కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. మరోవైపు, యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లలో సొంత పేగు బ్యాక్టీరియా కోలుకోవడం ఆలస్యమైందని 2018లో వైజ్‌మన్ బృందం ఒక చిన్న అధ్యయనంలో చూపింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టెయ్యవు. మొదటిది విరేచనాల లెక్క, రెండోది పాత కాపురస్తులు ఎప్పుడు తిరిగొస్తారన్న లెక్క. పిల్లల వాంతులు, విరేచనాలకు అలవాటుగా ఇచ్చే ప్రోబయాటిక్ వల్ల లాభం లేదని అదే ఏడాది ఉత్తర అమెరికాలో రెండు పెద్ద ట్రయల్స్ తేల్చాయి. ఓఆర్ఎస్ స్థానంలో దేనికీ చోటు లేదు.

పూర్తి సమాజాన్నే మార్చడం ఒక్కచోట మాత్రం అద్భుతంగా పనిచేసింది. యాంటీబయాటిక్స్ తర్వాత క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పేగును ఆక్రమిస్తే విరేచనాలు ప్రాణం మీదకు తెస్తాయి. నెదర్లాండ్స్‌లో 2013లో, అది పదేపదే తిరగబెడుతున్న 16 మందికి ఆరోగ్యవంతుల మలాన్ని వడకట్టి పేగులోకి పంపితే 15 మందికి నయమైంది. వ్యాంకోమైసిన్ మందు మాత్రమే వాడిన 13 మందిలో నయమైంది నలుగురికే. దాత మలంలో యాంటీబయాటిక్స్‌కు లొంగని మొండి బ్యాక్టీరియా ఉండటం వల్ల ఒక రోగి చనిపోయిన ఘటన 2019లో జరిగింది కాబట్టి ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు.

ఒకే మాత్ర, రెండు ఊళ్లు

పేగు బ్యాక్టీరియా మనం మింగే మాత్రలను కూడా తింటాయి. గుండె మందు డిగాక్సిన్‌ను ఎగర్తెల్లా లెంటా అనే బ్యాక్టీరియా పనికిరాకుండా చేస్తుంది. 1989లో వచ్చిన ఒక అధ్యయనం దక్షిణ భారతీయులను, న్యూయార్క్ వాసులను పోల్చింది. న్యూయార్క్‌లో దాదాపు 36 శాతం మంది పేగులు ఆ మందును మార్చేశాయి, మనవాళ్లలో 14 శాతమే. మనవాళ్లలోనూ పట్నం వాళ్లు 23 శాతం, పల్లె వాళ్లు 5 శాతం లోపే. ఒకే రాష్ట్రాల జనం, ఒకే మాత్ర, ఊరు మారితే లెక్క మారింది.

మలం రిపోర్టులు చదివేటప్పుడు ఇది అక్కరకొస్తుంది. మధ్య భారతంలో ధాన్యం, పప్పు ఎక్కువగా తినేవాళ్ల పేగుల్లో ప్రివొటెల్లా అనే బ్యాక్టీరియా రాజ్యమేలుతోందని 2019లో భోపాల్, కేరళ జనాల మీద జరిగిన అధ్యయనం చూపింది. పాశ్చాత్యుల పేగును కొలబద్దగా పెట్టుకుని పోల్చే రిపోర్టు దాన్ని ‘అసమతుల్యం’ అని ఎర్ర రంగులో వేసినా ఆశ్చర్యం లేదు.

ఒక రోజు కంచం లెక్క

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీలు తినేవాళ్లకు రోజుకు సుమారు 30 గ్రాముల పీచు కావాలంటుంది. ఆ సంస్థే 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 2.8 గ్రాములు, కందిపప్పులో 9, జొన్నల్లో 10, రాగుల్లో 11, పొట్టుతో ఉన్న శనగల్లో 25.

రోజుకు 300 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు వండుకుంటే 13 గ్రాములు. కూర, ఒక పండు కలిపి ఐదారు వేసుకున్నా 19 దాటదు. అందులో 100 గ్రాముల బియ్యం బదులు జొన్నరొట్టె తింటే 26 అవుతుంది. సాయంత్రం 30 గ్రాముల శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే 33 దాటుతుంది. ఒక్కసారిగా పెంచితే మొదటి వారం గ్యాస్ ఖాయం, పేగు సమస్యలు ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

కొత్త మేతకు బ్యాక్టీరియా అలవాటు పడటానికి నెలలు అక్కర్లేదు. అమెరికాలో కొందరికి ఐదు రోజులు పూర్తిగా మొక్కల ఆహారం, ఇంకో ఐదు రోజులు పూర్తిగా మాంసం, గుడ్లు, చీజ్ పెట్టి చూశారు. మాంసం తిన్నప్పుడు ఒక్క రోజులోనే పేగులోని జనాభా మారిపోయింది. పాత తిండికి వచ్చాక రెండు రోజుల్లో జనాభా కూడా పాత లెక్కకే వచ్చేసింది.